నాయనమ్మ లాగిన కాళ్లు

పోయిన నెల హైదరాబాదులో మా మనవరాలి ఇంటికి వెళ్లాను. గుమ్మంలో అడుగుపెట్టానో లేదో, ఏదో వచ్చి నా ఎడమ మడమ పట్టుకుంది. "అమ్మమ్మా, కంగారు పడకు, అది కరవదు, ఊరికే అలా పట్టుకుంటుంది" అంటూ మనవరాలు పరిగెత్తుకొచ్చింది. నేనేం కంగారు పడలేదు. ఆ పట్టు నేను చిన్నప్పుడు చూసిందే. చర్మం తెగదు, కానీ మనిషి కదలక తప్పదు. చేతికర్ర గోడకి ఆనించి కిందికి చూశాను. జానెడు కాళ్లు, వాటి మీద మూరెడు ఒళ్లు, తమలపాకుల్లా నిక్కిన చెవులు, తోక ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఇలాంటి దాన్ని చూసి ఒక జీవితకాలం అయింది. "బుడ్డీ!" అన్నాను. దాని పేరు అది కాదట. మా పిల్ల ఏదో బిస్కెట్టు పేరు చెప్పింది.

ఆ పూటంతా దాని సేవ చూస్తూ కూర్చున్నాను. దాన్ని సోఫా మీంచి దూకనివ్వకూడదట, నడుం పొడుగు కాబట్టి వెన్నుపూస జారుతుందట. మెట్లెక్కనివ్వకూడదట. తిండి తూకం వేసి పెట్టాలట, లావెక్కితే ఆ కాళ్లు మొయ్యలేవట. రోజూ దువ్వాలట, దువ్వకపోతే మనం తినే అన్నంలో దాని వెంట్రుకలే. అన్నిటికంటే ముఖ్యం, దానికి ఏదో ఒక పని చెప్పాలట, చెప్పకపోతే అదే కల్పించుకుంటుందట. ఆ ఇంట్లో గొర్రెలు లేవు కాబట్టి, నేల ఊడ్చే గుండ్రటి మిషను ఒకటుంటే దాన్ని తోలుకుపోయి మంచం కింద మూలన నిలబెట్టి కాపలా కాస్తోంది. "మీ చిన్నప్పుడు మీకూ ఇలాంటిది ఉందన్నావు కదా, దానికి మీరేం చేసేవాళ్లు?" అని అడిగింది మనవరాలు. "కాళ్లు లాగేవాళ్లం" అన్నాను. పిల్ల మొహం పాలిపోయింది. కుక్కను ఒళ్లోకి తీసుకుని కాస్త దూరంగా జరిగి కూర్చుంది.

పిల్లకి చెప్పినా అర్థం కాదనుకుని అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ చెప్తాను. మాది కారంపూడి దగ్గర నాగులేరు పక్కన చిన్న ఊరు. మేం గొర్రెల వాళ్లం. మా నాయనమ్మ సుబ్బమ్మ ఆ ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకీ నీళ్లు పోసేది. దొడ్లో నాపరాయి మీద కూర్చుని రెండు కాళ్లూ బారజాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, గోరువెచ్చటి నూనెతో ఒళ్లంతా పిసికి, చేతులు ఇటూ అటూ మడిచి, కాళ్లు సాగదీసి, తల గుండ్రంగా వచ్చేట్టు ఒత్తి, ముక్కు నిలబెట్టి, ఆ తర్వాత నీళ్లు. తర్వాత సాంబ్రాణి పొగ. తర్వాత దిష్టిచుక్క. ఊళ్లో మీసాలు మెలేసి తిరిగే మగాళ్లంతా ఒకప్పుడు ఆమె కాళ్ల మీద బోర్లా పడుకుని ఏడ్చినవాళ్లే. ఎవడైనా పెద్ద మాట మాట్లాడితే, "ఒరేయ్, నీ ముక్కు నేను లాగితే వచ్చిందిరా, నోరు దానంతటదే వచ్చింది" అనేది. తన చేతి కింద పెరిగిన బిడ్డకి వంకర కాలు లేదని ఆమెకి గొప్ప. ఆ గొప్పకి ఒకే ఒక మచ్చ ఉంది. అది నేను.

నాకు ఊహ తెలియక ముందే జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ నా కుడికాలు తీసుకుపోయింది. ఇప్పుడు దాన్ని పోలియో అంటున్నారు, అప్పుడు గాలి సోకింది అనేవాళ్లు. రెండో కాలు పెరుగుతోంది, ఇది పెరగదు. నాయనమ్మ ఒప్పుకోలేదు. చంటిపిల్లలకి మానేసే వయసు దాటినా, రోజూ పొద్దున్నే నన్ను కాళ్ల మీద వేసుకుని నువ్వుల నూనె రాసి ఆ కాలు లాగేది. వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసేది. ఇప్పటికీ ఎక్కడైనా వావిలాకు వాసన తగిలితే నా కాలు దానంతటదే చాపుకుంటుంది. నొప్పి పెట్టేది కాదు గానీ విసుగు పుట్టేది. అయినా నోరెత్తేదాన్ని కాదు. ఎందుకంటే నాకూ ఆ కాలు కావాలి. కారణం మంద.

మాఘం వెళ్లి, కృష్ణ దిగువన డెల్టాలో వరికోతలు అయిపోయాక, ప్రతి ఏడూ మా మంద అటు కదిలేది. కోసిన మళ్లలో గొర్రెలు మేస్తాయి, పొద్దుగూకాక ఒక రైతు పొలంలో మంద కడితే ఆ పొలానికి ఎరువు, దానికి రైతు మాకు వడ్లు ఇస్తాడు. మళ్లీ తొలకరికి ఇంటికి. తాత, నాయన, అమ్మ ముగ్గురూ పోయేవాళ్లు. వంటా, గంపల కింద మూసిపెట్టే పసి గొర్రెపిల్లలూ అమ్మ పని. నేనూ నాయనమ్మా ఇంట్లో. ఎండాకాలమంతా నాకు అమ్మ లేదు. అమ్మ వెళ్లే పొద్దున నాయనమ్మ నన్ను వెనక దొడ్లోకి తీసుకుపోయి ఏవేవో చూపించేది, నేను ఏవీ చూడకుండా ఏడ్చేదాన్ని. తొలకరికి అమ్మ తిరిగొచ్చినప్పుడు మాత్రం మొదటిరోజు దగ్గరికి పోవడానికి సిగ్గుపడేదాన్ని. ఆమె వాసన మారిపోయి ఉండేది, బురద వాసన, కొత్త గడ్డి వాసన. అది పోయి మా అమ్మ వాసన వచ్చేసరికి మళ్లీ కోతల కాలం. "నన్నూ తీసకపోండి" అని ప్రతి ఏడూ అడిగేదాన్ని. "కాలు వచ్చినాక తీసకపోతాలే తల్లీ" అనేవాడు తాత. మంచివాడే. పొద్దుగూకులూ నడిచే మందతో నడవలేని పిల్లను ఎలా తీసుకుపోతాడు? కుండలూ చాపలూ మోసే గాడిద ఒకటి ఉంది. కానీ మనిషిని గాడిద ఎక్కించి ఊళ్ల మధ్యనుంచి తీసుకుపోవడం అంటే మనవైపు దేనికి గుర్తో అందరికీ తెలుసు. తప్పుచేసిన వాళ్లకి గుండు కొట్టించి చేసే మర్యాద అది. ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

అలాంటి రోజుల్లో వచ్చింది బుడ్డి. తెల్లవాళ్లు మూటాముల్లె సర్దుకుంటున్న కాలం. మాచర్ల రైలు లైను పని చూసే ఒక దొర కూడా వెళ్లిపోతున్నాడు. ఆయన బంగళాలో వంటచేసే యేసుదాసు మా తాత దగ్గర పొట్టేళ్లు కొనుక్కుపోయేవాడు. ఒకరోజు వట్టిచేతులతో రావడానికి బదులు, గోనెపట్టాలో దీన్ని చుట్టుకుని దించాడు.

"పెద్దాయనా, ఇది గొర్రెల్ని తోలే కుక్కంట. ఓడలో పట్టకపోను కుదరదని దొర కాల్చేత్తానన్నాడు. నాకు పానం ఒప్పలా" అన్నాడు.

తాత దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. "కుక్కేనా ఇది? నక్కకీ గొర్రెకీ పుట్టినట్టుంది."

"కుక్కే పెద్దాయనా."

"తోకేది?"

"పుట్టంగానే కోసేత్తారంట."

"ఎందుకు?"

"ఏమో మరి. దొరలు గదా" అన్నాడు యేసుదాసు. ఆ రోజుల్లో చాలా ప్రశ్నలకి అదే జవాబు, అది సరిపోయేది కూడా.

నాయనమ్మ మాత్రం దాని కాళ్లే చూస్తోంది. వంగి ఒక కాలు పట్టుకుని లాగి చూసింది. "కాళ్లు గూడా కోశారా ఏంది?" అంది.

"లేదు పెద్దమ్మా, అయి పుట్టకతోనే అంతే. ఆళ్ల దేశంలో ఈ రకం కుక్కలన్నీ ఇట్టనే ఉంటయ్యంట."

"ఆళ్ల దేశంలో బిడ్డలకి నీళ్లు పోసే ఆడది లేదేమోలే పాపం" అంది నాయనమ్మ.

తాత తేల్చేశాడు. "ఈ కాళ్లతో ఇదేం నడుస్తది మంద ఎనక? ఇంటికాడ ఉండనీ. కాళ్లు వచ్చినాక చూద్దాం." ఆ మాట విని నేను తలెత్తాను. అది నా మాట. అప్పటిదాకా అది నా ఒక్కదానికే చెప్పేవాళ్లు. ఆ క్షణంలోనే నాకు ఆ కుక్క మీద ప్రేమ పుట్టింది, దాచడం ఎందుకు.

మర్నాడు పొద్దున్నే నన్ను దించాక నాయనమ్మ దాన్ని కాళ్ల మీద వేసుకుంది. వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు కాళ్లకీ నూనె రాసి, ఒక్కోదాన్నీ తుంటి దగ్గర్నుంచి వేళ్ల దాకా సాగదీసింది. తలను కాసేపు ఒత్తి చూసి, "తలకాయ బాగానే ఉంది" అంది. ముక్కు జోలికి పోలేదు, అది కావలసినదాని కంటే ముందుకే ఉంది. పసిపిల్లలు గుక్కపట్టి ఏడిచే పనికి ఈ కుక్క కళ్లు మూసుకుని నిద్రపోయింది. నీళ్లు పోసి, తుడిచి, సాంబ్రాణి పొగ వేసింది. దిష్టిచుక్క పెట్టబోతే అది నాకేసింది. ఇక అది రోజువారీ అయింది. నేను ముందు, బుడ్డి తర్వాత. ఇద్దరికీ ఒకే గిన్నెలో నూనె. కాళ్లకి బలమని ఇద్దరికీ జొన్న జావలో నెయ్యి. నాకు ఆ నెయ్యి ఎక్కడికి పోయిందో తెలియదు గానీ, బుడ్డికి పొట్టకి పోయింది. పొట్ట నేలకి ఆనేట్టు వచ్చేసరికి, కాళ్లు పెరిగాయో లేదో కొలవడం నాయనమ్మకి ఇంకా కష్టమైంది. ఎండలు ముదిరేసరికి దానికి బొచ్చు ఊడడం మొదలైంది. చాపల మీద, సంగట్లో, నూనె గిన్నెలో కూడా బొచ్చే. నువ్వుల నూనె వేడిచేసిందని నిర్ణయించి నాయనమ్మ ఆముదానికి మార్చింది. బొచ్చు ఊడే కాలం దానంతటదే అయిపోయి ఆగింది. ఆ పేరు ఆముదానికి వచ్చింది. మా మనవరాలి కుక్కల డాక్టరు ఇదంతా వింటే మమ్మల్ని జైల్లో పెట్టించేవాడు.

దాని గుణాలు మాకు తప్పుల్లాగే కనపడేవి. కుక్క అంటే మాకు మంద దగ్గరుండే నల్లోడు. ఎత్తు మనిషి, అదే, ఎత్తు కుక్క. తోడేలు వస్తే మీద పడాలి, మిగతా వేళ పడుకోవాలి. బుడ్డి పడుకునేది కాదు. కోళ్లను ఒక మూలకి చేర్చేది. ఊరి పిల్లల్ని ఒక మూలకి చేర్చేది. నీళ్లకి పోయే ఆడవాళ్లు ఒకళ్లు వెనకబడితే మడమ పట్టి మిగతా వాళ్లతో కలిపేది. కుక్క కాటుకి చెప్పుదెబ్బ అంటారు. మా ఊళ్లో చాలామందికి చెప్పులు లేకపోవడం వల్ల బుడ్డి బతికిపోయింది. ఒక్క నా మడమ మాత్రం అది ఎప్పుడూ పట్టలేదు. నేను ఎక్కడ కూర్చుంటే మిగతావాటిని అక్కడికి తోలుకొచ్చేది. కోళ్లూ మేకపిల్లలూ పక్కింటి పిల్లలూ నా చుట్టూ. కదలలేని దాన్ని మూల అనుకుందో ఏమో. నాకు మాత్రం అంత మంది చుట్టూ చేరడం అదే మొదలు, చానా బాగుండేది.

ఊళ్లో ఇంకొకటి ఉండేది, బుడ్డికంటే ఎక్కువ భయపెట్టేది, దేవుడికి వదిలిన ఆంబోతు. దాన్ని కొట్టకూడదు, కట్టకూడదు, ఎవరి చొప్ప తిన్నా అడగకూడదు. ఆ సంగతి దానికి బాగా తెలుసు. అంతకు ముందు ఏడు మా నల్లోడు దాని వెనక పడితే వెనక్కాలితో ఒకటి తన్నింది. నల్లోడికి దవడ పక్కకి పోయింది. అప్పట్నుంచి వాడు అంబలి తాగి బతుకుతున్నాడు.

మంద కదలాల్సిన రోజులు మళ్లీ దగ్గరపడ్డాయి. కాళ్లు, నావీ బుడ్డివీ, ఎక్కడివక్కడే ఉన్నాయి. నాయనమ్మకి పంతం పెరిగింది. ఎవరో చెప్పారట, ఎండకి కాగిన ఏటి ఇసకలో కాళ్లు పూడిస్తే నరాలు సాగుతాయని. పొద్దెక్కాక మా ఇద్దరినీ నాగులేటికి తీసుకుపోయేది. నాకు నడుం లోతు గుంట, బుడ్డికి దాని నడుం లోతు గుంట, అది పెద్ద పనేం కాదు. ఇద్దరినీ నిలబెట్టి ఇసక కప్పేది. ఏటి ఒడ్డున పోయేవాళ్లకి, ఇసక మీద సగం ఆడపిల్ల, పక్కన కుక్క తల, దాని పెద్ద చెవులు కనపడేవి. మొదట్లో ఆగి చూసేవాళ్లు. తర్వాత మామూలైపోయి, "ఏమే అంకమ్మా, మొలకెత్తావా?" అని పోయేవాళ్లు. బుడ్డి ఎందుకు ఓర్చుకునేదో నాకు తెలియదు. నేను ఎక్కడుంటే అదక్కడ ఉండాలని తీర్మానించుకున్నట్టుంది.

మంద కదలడానికి ముందురోజు. ఇక ఇదే ఆఖరు అవకాశమని నాయనమ్మ తెలగపిండి వేడిచేసి మూటగట్టి తెచ్చింది, కాపడానికి. మమ్మల్ని పూడ్చి, మూట నా ముందు ఇసక మీద పెట్టి, "చల్లారనీ, వావిలాకు కోసుకొత్తా" అని ఒడ్డెక్కింది. తెలగపిండి అంటే గొడ్లకి పాయసం. ఆ వాసనకి మలుపులోంచి ఆంబోతు వచ్చింది. అది నా దగ్గరికి రాలేదు, మూట దగ్గరికి వచ్చింది. కానీ మూట నా రొమ్ముకి ఆనుకుని ఉంది. దాని ఊపిరి నా మొహానికి తగిలింది. చేత్తో మూట తోసేశాను. తోసిన చెయ్యి దానికి నచ్చలేదు. తల వంచి బుస్సుమంది. నాకు లేవడానికి కాళ్లు లేవు, ఆ రోజు రెండూ లేవు. ఒడ్డు మీద నాయనమ్మ కేక వినపడింది. రాయి ఎత్తింది. దేవుడి ఎద్దని గుర్తొచ్చి ఆగిందో, తగిలితే నాకు తగులుతుందని ఆగిందో, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

బుడ్డికి ఆ ఎద్దు దేవుడిదని తెలియదు. ఇసకలోంచి ఎప్పుడు బయటపడిందో చూడలేదు. ఆంబోతు వెనక్కి పోయి మడమ పట్టింది. ఆంబోతు తన్నింది. నల్లోడి దవడ తిప్పిన తన్నే అది. బుడ్డి ఉన్నచోటే నేలకి అంటుకుంది, ఆ గిట్ట దాని చెవుల మీంచి గాలిలోకి పోయింది. గిట్ట దిగేసరికి మళ్లీ మడమ పట్టింది. మళ్లీ తన్ను, మళ్లీ గాలిలోకి. పుట్టి బుద్ధెరిగాక ఆ ఎద్దు తన్ను వట్టిపోవడం అదే మొదలు. ఇంకోసారి తన్ని చూసింది. ఆ తర్వాత తల ఎత్తి, ఏదో పని గుర్తొచ్చినట్టు నడక మొదలుపెట్టింది. బుడ్డి దాన్ని ఏరు దాటించి, ఒడ్డెక్కించి, గుడిదాకా తోలి, తిరిగొచ్చి నా పక్కన దాని గుంటలో దిగి నిలబడింది.

నాయనమ్మ వచ్చి ఇసకలో కూలబడింది. నన్ను పైకి లాగి ఒళ్లంతా తడిమింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. బుడ్డిని ఒళ్లోకి తీసుకుని దాని కాలు ఒకటి పట్టుకుంది. అలవాటు కొద్దీ లాగబోయి ఆగింది. "ఇంకో బెత్తెడు పొడుగుంటే తలకాయ లేచిపోయేది దీనికి" అంది.  "పెట్టినోడికి తెలిసే పెట్టాడు. నేనే తెలవక ఏడాదిగా పీకతన్నా" అంది. తర్వాత నా కాలు చూసింది. అది ఎవరు ఎందుకు పెట్టారని అనలేదు. నా కాలికి అలాంటి కారణం ఏదీ లేదు, ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. చల్లారిపోయిన తెలగపిండి మూట విప్పి బుడ్డికి పెట్టింది.

పొద్దువాలాక వాకిట్లో అందరూ కూర్చున్నారు. గాడిదకి ఏవి వెయ్యాలో అవి ఒక పక్కన పేర్చి ఉన్నాయి. ఆంబోతు కథ అప్పటికే ఊరంతా తిరిగి పెద్దదై మా ఇంటికి వచ్చింది. తాత చుట్ట వెలిగించి, "సరే, ఆ బుడ్డిదాన్ని రానీండి. గొడ్లున్న ఊళ్లలో పనికొస్తది" అన్నాడు.

"మరి నేనో?" అన్నాను.

"కాలు వచ్చినాక తీసకపోతాలే తల్లీ."

"దానికి కాలు రాదు" అంది నాయనమ్మ.

 అమ్మ చేతిలో చాట అలాగే ఆగింది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. నాకు ఏడుపు వచ్చింది. అదే సమయంలో మెడ మీంచి ఏదో దించినట్టు కూడా అయింది. ఆ రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నేను చెప్పలేను, కానీ ఉన్నాయి.

"అదేం మాటే?" అన్నాడు తాత.

"ఉన్న మాట. వచ్చేదైతే నా చేతికి వచ్చేది. రాని కాలు కోసం ఎన్నేళ్లని దీన్ని వాళ్లమ్మకి కాకుండా చేత్తావయ్యా? గాడిద మీద కూసోబెట్టి తీసకపో."

"గాడిద మీదా? ఆడపిల్లనా? ఊళ్లెమ్మట పోతంటే నవ్వరా జనం?"

"నవ్వనీ. నవ్విన నాపచేనే పండుద్ది. సిగ్గు ఎవురికంట? పిల్లకి లేదు. గాడిదకి లేదు. నీ ఒక్కడికేగా, నువ్వు ముందు నడువు, ఎనక్కి చూడమాక."

"నడవలేని బిడ్డ అది, అక్కడ ఏం చేస్తది?" అన్నాడు నాయన, మెల్లగా.

"గంపల కాడ కూసుని గొర్రెపిల్లల్ని చూసుకుంటది. తిరిగేది ఎటూ కుక్క తిరుగుద్ది. ఇన్నాళ్లూ ఊరి కోళ్లన్నీ దీని చుట్టూనే చేర్చింది గదా, చూళ్లా మీరు?"

తాత చుట్ట ఆరిపోయేదాకా పీల్చాడు. ఆరిపోయాక, "కుండలు రెండో పక్కకి కట్టండి, బరువు సమంగా ఉండాల" అన్నాడు. అదే ఒప్పుకోవడం. అమ్మ చాట కింద పెట్టి లోపలికి పోయింది. నా పావడాలు మూటగట్టి తీసుకొచ్చి, అది గాడిద సామాన్లలో అన్నిటికన్నా పైన పెట్టింది. నా వంక చూడలేదు. చూస్తే ఇద్దరం ఏడుస్తామని.

ఇప్పుడు ఆలోచిస్తే ఒక చిత్రం తోస్తుంది. ఆ కాలు బాగుండి ఉంటే నన్ను బళ్లో వేసేవాళ్లే కాదు. గొర్రెల వెంట తిరిగి, ఏ గొర్రెల వాడినో చేసుకుని అక్కడే ఉండేదాన్ని. నడవలేను కాబట్టి తర్వాత కారంపూడి బళ్లో వేశారు, చదువుకున్నాను, ఇలాంటివి రాసుకునే పనిలో పడ్డాను. అందుకని కాలు పోవడమే మేలని చెప్పేవాళ్లు ఉంటారు, సభల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు కూడా. మేలేం కాదు. పోయిన కాలు పోయిందే. ఆంబోతు తన్ను బుడ్డి మీంచి పోయినట్టు నా కాలి పైనుంచి పోదు, తగులుతుంది. మా మనవరాలు తన కుక్కకి చేసే సేవ చూస్తే నవ్వు వస్తుంది గానీ, ఒక సంగతికి అసూయ కూడా కలిగింది. ఆ ఇంట్లో ఎవరూ దాని కాళ్లు ఇంకోలా ఉండాలని అనుకోవడం లేదు. అవి ఎలా ఉన్నాయో అలా ఉంచి, ఇంటినే దానికి సరిపెడుతున్నారు. మా ఇంట్లో అది నేర్చుకోవడానికి ఒక ఎద్దు కావలసి వచ్చింది.

మంద కదిలే పొద్దున నాయనమ్మ నన్ను పిలిచింది. ఎప్పటిలాగే నాపరాయి మీద కూర్చుంది, ఎప్పటిలాగే కాళ్లు చాపింది, పక్కన నూనె గిన్నె. నేను అలవాటుగా కాళ్ల మీద పడుకోబోయాను. "పడుకోమాక, కూసో" అంది. వీపు తన వైపు తిప్పి కూర్చోబెట్టుకుని, జుట్టు విప్పి, ఆ నూనె నా తలకి పెట్టింది. మిగతా పిల్లలకి వాళ్ల వాళ్లు పెట్టినట్టు, మాడు మీద చల్లగా, చరుస్తూ. చిక్కుతీసి, గట్టిగా రెండు జడలు వేసింది.  నన్ను ఎత్తి గాడిద మీద కూర్చోబెట్టింది తనే. అప్పుడు తోచింది నాకు, నేనూ బుడ్డీ ఇద్దరమూ పోతే ఆ దొడ్లో ఆమె ఒక్కతే అని. "నాయనమ్మా, నువ్వూ రా" అన్నాను. "నేనొస్తే గేదెకి నీళ్లు నువ్వు పెడతావంటే?" అంది.

బుడ్డి గాడిద మడమ పట్టింది. గాడిద కదిలింది, మంద కదిలింది, పక్కన అమ్మ నా పాదం పట్టుకుని నడుస్తోంది. గోడ మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. నాయనమ్మ మళ్లీ ఆ రాయి మీద కూర్చుని, ఎవరూ లేని కాళ్లు బారజాపుకుని ఉంది. గిన్నెలో అడుగున మిగిలిన నూనె వేళ్లతో తుడిచి తన మోకాళ్లకి రాసుకుంటోంది. ఆమెకి కూడా కాళ్ల నొప్పులున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.